గర్భనిరోధక మాత్రల మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

"పెళ్లికాని ఆడపిల్లలకు కూడా డాక్టర్లు గర్భనిరోధక మాత్రలు రాసేస్తున్నారు, తల్లులారా మేలుకోండి" అంటూ మొదలయ్యే మెసేజ్ ఈమధ్య మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది, మధురవాడలో ఉండే మా పిన్ని విడిగా కూడా పంపింది. పంపినవాళ్లలో ఒక్కరైనా ఆఖరిదాకా చదివారని నేననుకోను. చదివి ఉంటే చివరి పేరా దగ్గరైనా చెయ్యి ఆగేది.

అందులో ఉన్నది ఇదీ. నెలసరి బాధలకు ఈ మాత్రలు వాడితే ఇక పిల్లలు పుట్టరట. చెడు రక్తం లోపలే ఉండిపోతుందట. క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందట. ఒళ్లు వస్తుందట. ఇదంతా విదేశీ కంపెనీల కుట్రట. పెళ్లికాని పిల్ల ఇవి మింగితే కుటుంబం పరువు పోతుందట. నువ్వులు, బెల్లం, మెంతులు ఉండగా మందులెందుకట. ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా బాధలు తగ్గకపోతే గర్భసంచి తీయించేసుకుంటే జీవితాంతం హాయట.

ఈ మాత్రలు నేను పెళ్లికి ముందు వాడాను, పిల్లలు పుట్టాక మళ్లీ వాడాను. గడ్డలు గడ్డలుగా పోయే రక్తం ఆగడానికి, ఆ రోజుల్లో లేచి నిలబడి ఉద్యోగానికి వెళ్లగలగడానికి వాడాను. నా సంగతే అయితే ఊరుకునేదాన్నేమో. గాజువాకలో ఉండే నా స్నేహితురాలి కూతురు డిగ్రీ చదువుతోంది. ఈ మెసేజ్ చూసి వాళ్ల నానమ్మ షీటు సగంలో ఉండగా మాత్రలు మాన్పించింది. రెండు మూడు రోజులకు బ్లీడింగ్ మొదలైంది. "చూశారా, మందు వికటించింది" అని ఇంట్లో గొడవ. షీటు సగంలో ఆపేస్తే బ్లీడింగ్ రావడం మామూలే. ఆ సంగతి మెసేజ్ రాసినవాళ్లకు తెలియదు, ఆ పిల్లకు మాత్రం సెమిస్టర్ పరీక్షల ముందు ఆ అవస్థ తప్పలేదు.

విదేశీ కుట్ర మాట ముందే తీసి పక్కన పెడదాం. వారానికోసారి వేసుకునే ఛాయ అనే గర్భనిరోధక మాత్ర లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టింది. అందులో హార్మోనే లేదు. దాన్ని అధిక రక్తస్రావానికి కూడా డాక్టర్లు రాస్తారు. రోజూ వేసుకునే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల షీటు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, ఆశా కార్యకర్త దగ్గరా దొరుకుతుంది. ఉచితంగా ఇచ్చే షీటు మీద ఏ కంపెనీ మేడలు కడుతుందో రాసినవాళ్లే చెప్పాలి.

"గర్భం రాకుండా చేసే మందుకీ నెలసరికీ ఏం సంబంధం?" అని ఒక చోట అడిగారు. అమెరికాలో ఈ మాత్రకు మొట్టమొదట అనుమతి వచ్చింది 1957లో, నెలసరి ఇబ్బందులకే. గర్భనిరోధానికి అనుమతి 1960లో గానీ రాలేదు. ఆ మందు ఇంటికి వచ్చిందే నెలసరి పేరు మీద.

ఇక పిల్లలు పుట్టరన్న మాట. మాత్ర వేసుకున్నన్నాళ్లు అండం విడుదల కాదు. ఆపాక చాలామందికి ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్లీ మొదలవుతుంది. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ మాత్రలు ఆపాక పుట్టినవాళ్లే. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల నెలసరి సరిగా రాని సమస్య) ఉన్న అమ్మాయికి మాత్రలు ఆపాక గర్భం ఆలస్యమైతే నింద మాత్ర మీదకు పోతుంది. ఆ అమ్మాయికి అండం సరిగా విడుదల కాకపోవడం మాత్రకు ముందే ఉంది, అందుకే కదా డాక్టర్ దగ్గరకు వెళ్లింది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మూడు నెలలకోసారి వేసే అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ సంగతి వేరు. అది ఆపాక గర్భం రావడానికి చాలా నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా పట్టవచ్చు. త్వరలో పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ ఇంజెక్షన్‌కు ముందే ఈ మాట డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. ఆ ఇంజెక్షన్ మాటను తెచ్చి మాత్రకు అంటగట్టారు.

చెడు రక్తం లోపల పేరుకుపోవడం అన్నది తలకిందులు మాట. మాత్ర వాడేటప్పుడు గర్భసంచి లోపలి పొర పలచగా ఉంటుంది, అందుకే తక్కువ పోతుంది. పోవాల్సిందే లేనప్పుడు నిలిచేదేమిటి? నిజంగా పేరుకుపోయేది మందు వాడని పీసీఓఎస్ అమ్మాయిలకు. మూడు నెలలు, నాలుగు నెలలు నెలసరి రాకపోతే ఆ పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే అదే క్యాన్సర్‌కు దారి తీసే ప్రమాదం ఉంది. "రాకపోతే పోనీ, అదే వస్తుందిలే" అని ఊరుకునే తల్లులకు వెళ్లాల్సిన హెచ్చరిక ఇది. మెసేజ్‌లో ఇది లేదు.

ఒళ్లు రావడం: మాత్రల వల్ల పెద్దగా బరువు పెరుగుతారని ఇంతవరకు జరిగిన పరిశోధనల్లో తేలలేదు. మొదటి నెలల్లో కొందరికి నీరు పట్టినట్టు ఉంటుంది. అంతే.

క్యాన్సర్ విషయంలో మాత్రం సగం నిజం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ మాత్రలను క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టిన మాట వాస్తవమే. వాడుతున్నన్నాళ్లు రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, ఆపాక క్రమంగా తగ్గిపోతుంది. అయిదేళ్లు దాటి వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు కూడా కొంత పెరుగుతుంది. అదే సంస్థ అదే చోట ఇంకో మాట చెప్పింది. అండాశయం క్యాన్సర్, గర్భసంచి లోపొర క్యాన్సర్ ఈ మాత్రల వల్ల తగ్గుతాయని, ఆ రక్షణ ఆపాక కూడా ఏళ్ల తరబడి ఉంటుందని. ఒక కాగితంలో పై సగం చింపి పంచిపెట్టి కింది సగం దాచేసినవాళ్లు ఆడపిల్లల మేలు కోరి ఆ పని చేశారంటే నేను నమ్మను.

పరువు సంగతికి వస్తే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. సింహాచలం చందనోత్సవం నాటికి, వరలక్ష్మీ వ్రతానికి, ఇంట్లో పెళ్లికి డేట్ అడ్డం రాకూడదని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని మింగే మాత్ర ఏమిటనుకుంటున్నారు? నోర్‌ఎథిస్టెరాన్. గర్భనిరోధక మాత్రల్లో ఉండే హార్మోన్ల కుటుంబంలోదే అది. పైగా రోజుకు మూడు పూటలా వేసుకుంటారు. బీపీ చూసేవాళ్లు లేరు, కాలి నరాల్లో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగేవాళ్లు లేరు. ఆ మాత్రను పెళ్లికాని పిల్లకు అమ్మే స్వయంగా తెచ్చి ఇస్తుంది, ఎవరి పరువూ పోదు. నెలనెలా నొప్పితో గోడకు ఆనుకుని ఏడ్చే పిల్లకు డాక్టర్ చూసి రాసిన మాత్ర ఇస్తే మాత్రం పరువు పోతుంది! పూజకు అడ్డమైతే హార్మోన్ మంచిదీ, పిల్ల బాధకు అడ్డుకట్ట వేస్తే చెడ్డదీ అయిపోతుందా?

నువ్వులు, అనకాపల్లి బెల్లం, మెంతులు తినండి, మంచివే. నా హిమోగ్లోబిన్ 7కి పడిపోయినప్పుడు నువ్వులుండలతో అది పైకి రాలేదు. రక్తం పోవడం ఆగాకే ఐరన్ పని చేసింది.

ఇప్పుడు ఆ ఆఖరి పేరా. "పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది, తీయించేసుకోండి."

ఈ మాట మన రాష్ట్రంలో చెప్పాల్సిన మాటేనా? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. దేశం కంటే దాదాపు మూడింతలు మనమే కోయించుకుంటున్నాం. దేశం మొత్తం మీద కారణం అడిగితే సగానికి పైగా చెప్పింది అధిక రక్తస్రావం, నొప్పి. అంటే చాలామందికి మందుతో అదుపులోకి తెచ్చే ప్రయత్నం చేయదగ్గ బాధలే. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు జరిగేది ప్రైవేటు ఆసుపత్రుల్లో. అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాన్ని అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మాత్ర విషమని ఊరంతా చాటుతున్నవాళ్లకు ఈ కత్తి మాత్రం కనబడలేదు.

మా అమ్మది చోడవరం దగ్గర పల్లెటూరు. ముప్పై దాటిన కొత్తలో ఓవర్ బ్లీడింగ్ అని పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువచ్చారు. మందు సంగతి ఎవరూ ఎత్తలేదు. "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందమ్మా, పిల్లలు పుట్టేశారు కదా" అన్నారు. ఆ ఒక్క మాటతో భయపడిపోయింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. తీసినట్టు అమ్మకు చెప్పనే లేదు, తర్వాత ఎప్పుడో కాగితాలు చూస్తే తెలిసింది. నలభై రాకుండానే ఒళ్లంతా సెగలు, నిద్ర లేదు, కీళ్లు పట్టేయడం. "ఆపరేషనయ్యాక నీరసం మామూలే" అన్నారు ఇంట్లో. అండాశయాలు తీసేస్తే ఆ మర్నాటి నుంచే మెనోపాజ్. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్ అంత ముందే పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా కొందరికి మెనోపాజ్ ముందే వస్తుంది. యాభై అయిదేళ్లకు మా అమ్మ ఇంట్లోనే కాలు జారితే మణికట్టు విరిగింది. "హాయి" అని రాశారే, ఆ హాయి నేను పక్కనుండి చూశాను.

అధిక రక్తస్రావమని నేను వెళ్లినప్పుడు నాకూ మొదట ఆపరేషన్ మాటే వినిపించింది. అమ్మను చూసి ఉన్నాను గనుక ఒప్పుకోలేదు. ఇంకో డాక్టర్ స్కానింగ్ చూసి, థైరాయిడ్ చూసి, లోపొర ముక్క తీసి పరీక్షకు పంపి, గర్భసంచి గోడ మందమైందని, అడినోమయోసిస్ అని చెప్పింది. కొన్నాళ్లు మాత్రలు, ఆ తర్వాత మిరెనా లూప్. కాపర్ టీలా లోపల పెడతారు గానీ దీనిలో ఉండే హార్మోన్ కొద్దికొద్దిగా గర్భసంచిలోనే విడుదలవుతుంది. మొదటి కొన్ని నెలలు మరకలు మరకలుగా కనబడి విసిగించింది, ఖరీదు కూడా వేలల్లోనే. తర్వాత బ్లీడింగ్ బాగా తగ్గిపోయింది. ఇది పనికిరాని వాళ్లకు రక్తస్రావం తగ్గడానికి ఆ రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది, ఛాయ మందు ఉంది, ఫైబ్రాయిడ్ గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది. ఇవేవీ పని చేయకపోతే, క్యాన్సర్ తేలితే, గర్భసంచి తీయడమే సరైన వైద్యం. అలా తీయించుకుని బతికి బట్టకట్టినవాళ్లు ఉన్నారు, వాళ్లను నేను ఒక్క మాట అనను. మొదటి మెట్టు మీదే ఆఖరి వైద్యం చేయించుకోమని ఫోన్‌లో సలహా ఇవ్వడం మాత్రం నేరం కింద లెక్క.

మెసేజ్‌లో ఒక మూల "మనసు చెడిపోతుంది" అని రెండు ముక్కలు ఉన్నాయి. దానికి నేను అడ్డం చెప్పను. నాకు మొదట రాసిన మాత్రతో ఊరికే ఏడుపు వచ్చేది, పిల్లల మీద విసుక్కునేదాన్ని. చెబితే ఆ డాక్టర్ "అదంతా మీ ఊహ" అని కొట్టిపారేసింది. 2016లో డెన్మార్క్‌లో పది లక్షల మందికి పైగా స్త్రీల వివరాలు చూస్తే, ఈ హార్మోన్లు వాడేవాళ్లలో డిప్రెషన్ మందులు మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా కనబడ్డారు, టీనేజీ పిల్లల్లో మరీను. మాత్రే కారణమని అది తేల్చలేదు. కానీ మాట వినకుండా పంపేయడానికి వీల్లేదని మాత్రం తేలింది. నాకు మాత్ర మార్చాక తగ్గింది. డేట్ సరిగా రావడం లేదనగానే ఏ పరీక్షా లేకుండా షీటు రాసి పంపే డాక్టర్లు మన ఊళ్లో ఉన్నారు. వాళ్లు మానేవరకు ఇలాంటి మెసేజ్‌లు నమ్మేవాళ్లు ఉంటూనే ఉంటారు.

అసలు భయపడాల్సిన విషయాన్ని ఆ మెసేజ్ వదిలేసింది: రక్తం గడ్డకట్టడం. మాత్రలు వాడని పదివేల మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి అలా జరిగితే, మాలా-ఎన్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో అయిదు నుంచి ఏడుగురికి, మొటిమలకు, పీసీఓఎస్‌కు ఎక్కువగా రాసే డ్రోస్పిరెనోన్ మాత్రలతో తొమ్మిది నుంచి పన్నెండు మందికి జరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు, ప్రసవమయ్యాక ఆ ముప్పు ఇంకా ఎక్కువ. కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నా, బీపీ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినా డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. మాత్రలు వాడుతుండగా ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా విశాఖ కేజీహెచ్ క్యాజువాలిటీకైనా సరే, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికైనా సరే వెంటనే వెళ్లి, ఈ మాత్ర వాడుతున్నానని మొదటి మాటగా చెప్పండి. షీటు చేతిలో పట్టుకెళ్లండి.