పార్లమెంటుకు అందులో ఏం పని?
బిషప్పులుగా స్త్రీలను ఒప్పుకోవాలని ఇంగ్లండ్ చర్చి మీద పార్లమెంటు ఒత్తిడి తేవడం మత స్వేచ్ఛలో జోక్యమేనని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అది ప్రభుత్వంతో సంబంధం లేని చర్చి అయితే మీ మాట నిజమే. కానీ ఆ చర్చికి అధిపతి దేశాన్నేలే రాజో రాణో, దాని బిషప్పులు 26 మంది పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో కూర్చుని దేశం మొత్తానికి చట్టాలు చేస్తారు. ఆ కుర్చీలు మగవాళ్లకే అంటే అడిగే హక్కు పార్లమెంటుకు లేదా? పైగా 2012 నవంబరులో చర్చి పాలక సభ అయిన సినడ్‌లో స్త్రీ బిషప్పుల తీర్మానం ఓడిపోయినా, చర్చి మొత్తంగా వద్దనలేదు. 44 డయోసిస్‌లలో, అంటే బిషప్పుల పరిధిలోని ప్రాంతాల్లో, 42 సరే అన్నాయి, బిషప్పులు, గురువులు భారీగా ఓటేశారు. సినడ్‌లోనే ఉన్న సామాన్య విశ్వాసుల సభలో కావలసిన మూడింట రెండు వంతులకు 6 ఓట్లు తగ్గి తీర్మానం పోయింది, అంతే. మరునాడే బ్రిటన్ ప్రధాని కామెరాన్ పార్లమెంటులో స్త్రీ బిషప్పుల పక్షాన గట్టిగా మాట్లాడారు. 2014లో అదే సినడ్ ఒప్పుకుంది, 2015 జనవరిలో లిబ్బీ లేన్ ఆ చర్చిలో మొదటి స్త్రీ బిషప్ అయ్యారు. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. మా అమ్మ నలభై ఏళ్లు ఆదివారం తెల్లారకముందే వెళ్లి గుడి ఊడ్చి, చాపలు పరిచి, బల్ల మీద తెల్లగుడ్డ మార్చేది. ఆ బల్ల వెనక మాత్రం ఎప్పుడూ మగవాళ్లే. 2013లో నంద్యాలకు పుష్పలలిత గారు బిషప్ అయ్యారని చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు, కళ్లు తుడుచుకుంది. ఇంగ్లండ్ కంటే ముందే, ఏ పార్లమెంటూ చెప్పకుండానే మన దగ్గర జరిగింది. మన చర్చికి ప్రభుత్వంలో కుర్చీలు లేవు కాబట్టి ఎవరూ అడగాల్సిన పని రాలేదు. వాళ్లకు ఉన్నాయి, అందుకే అడిగారు.