పన్నెండేళ్లకే బేరం, పాతికేళ్లకు తీర్పు

ఏటా జనవరి 15న అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒకటే హడావుడి. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా కుర్రాళ్లు వందల మంది ఆ రోజు నుంచి క్లబ్బులతో సంతకాలు చేస్తారు. నెత్తిన క్లబ్ టోపీ, పక్కన అమ్మానాన్నలు, ఫొటోలు. వారం తిరక్కుండానే విశ్లేషకులు మార్కులు వేసేస్తారు: ఫలానా క్లబ్‌కు ఏ ప్లస్, ఫలానా క్లబ్‌కు సి. జూలైలో డ్రాఫ్ట్ ముగిశాక మళ్లీ ఇదే తంతు. పదేళ్ల తర్వాత ఇంకో రకం వ్యాసాలు వస్తాయి: ‘ఇంతటి ఆటగాడిని అందరూ ఎలా వదిలేశారు?’ ఈ రెండు రకాల తీర్పుల మీదా నాకు పెద్దగా నమ్మకం లేదు. కుర్రాడిని ఏ వయసులో చూశారు, ఎంత సమాచారంతో చూశారు, ఎంత ధర పెట్టారు అన్నవి వదిలేసి పేర్లు మాత్రమే చూస్తే అది విశ్లేషణ కాదు, జాతకం.

క్లబ్‌లోకి రావడానికి కుర్రాళ్లకు రెండు దారులున్నాయి. అమెరికా, కెనడా, ప్యూర్టోరికో వాళ్లయితే డ్రాఫ్ట్‌లో రావాలి. 1965లో మొదలైన ఈ పద్ధతిలో క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటాయి. ఇప్పుడు 20 రౌండ్లు. ఎంపికైనవాళ్లకు పద్దెనిమిదో ఇరవై ఒకటో ఏళ్లుంటాయి. స్కూల్లోనో కాలేజీలోనో ఆడిన ఆట రికార్డుల్లో ఉంటుంది. మిగతా దేశాల కుర్రాళ్లు పదహారేళ్లకే నచ్చిన క్లబ్‌తో ఒప్పందం చేసుకోవచ్చు. ఇందుకు ఒక్కో క్లబ్ ఏటా ఎంత ఖర్చు పెట్టవచ్చో 2017 నుంచి దాటరాని పరిమితి ఉంది. ఆ సొమ్మునే బోనస్ పూల్ అంటారు.

పదహారేళ్లన్నది కాగితం మీద మాట. అసలు బేరం చాలామందికి పన్నెండు, పదమూడేళ్లకే కుదిరిపోతుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో బుస్కోన్లు అని ఉంటారు. కుర్రాడిని చిన్నప్పుడే చేరదీసి, తిండి పెట్టి, ఆట నేర్పి, క్లబ్బుల ముందు నిలబెట్టి, సంతకానికి వచ్చే బోనస్‌లో 30 శాతమో అంతకంటే ఎక్కువో తీసుకునే శిక్షకులు. వాళ్లకూ క్లబ్ స్కౌట్లకూ (ఆటగాళ్లను వెతికి పెట్టేవాళ్లకూ) మధ్య నోటిమాటతో ధర ఖాయమవుతుంది. నిబంధనల ప్రకారం ఇది తప్పు. అందరికీ తెలుసు, అందరూ చేస్తారు.

ఆ నోటిమాటకు ఎంత విలువుందో 2025 జనవరిలో తేలింది. జపాన్ పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) రోకీ ససాకి అమెరికా వస్తానన్నాడు. వయసు 23. ఇరవై అయిదేళ్లు నిండకుండా వచ్చే విదేశీ ఆటగాడిని నిబంధనలు ఈ పదహారేళ్ల పిల్లలతోపాటే లెక్కగడతాయి. బోనస్ కూడా అదే పూల్‌లోంచి ఇవ్వాలి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 65 లక్షల డాలర్లకు అతన్ని దక్కించుకుంది. ఆ డబ్బు సర్దడానికి, అంతకుముందే ఆ క్లబ్‌తో మాటైన కొందరు కుర్రాళ్లు వేరే గూళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది. టొరంటో బ్లూ జేస్ అయితే ససాకి కోసం పూల్ పెంచుకుందామని క్లీవ్‌లాండ్ నుంచి 20 లక్షల డాలర్ల పూల్ సొమ్ముతోపాటు మైల్స్ స్ట్రా అనే ఆటగాడినీ, అతని జీతంలో చాలా భాగాన్నీ నెత్తికెత్తుకుంది. ఆఖరికి ససాకి రాలేదు, స్ట్రా మాత్రం వచ్చాడు.

మనకూ ఇలాంటి ఉదాహరణ ఉంది కదా అనొచ్చు. 2024 నవంబర్ ఐపీఎల్ వేలంలో పదమూడేళ్ల వైభవ్ సూర్యవంశీని రాజస్థాన్ రాయల్స్ 1.1 కోట్లకు కొన్నప్పుడు ఔరా అనుకున్నాం. కానీ ఆ వేలం నాటికే అతను రంజీ ఆడాడు, ఆస్ట్రేలియా అండర్-19 జట్టు మీద చెన్నైలో సెంచరీ కొట్టాడు. ఫ్రాంచైజీ దగ్గర స్కోర్లున్నాయి, వీడియోలున్నాయి. శాంటో డొమింగో శివార్లలో పదమూడేళ్ల షార్ట్‌స్టాప్ (ఒక ఫీల్డింగ్ స్థానం) కుర్రాడి విషయంలో స్కౌట్ చేతిలో ఉండేది ఏమిటి? 60 గజాల పరుగుకు పట్టిన టైము, కొన్ని బ్యాటింగ్ ప్రాక్టీస్ షాట్లు, బంతి విసిరే వేగం, ఇంకెంత పొడుగు పెరుగుతాడోనని తండ్రి భుజాల వైపు ఒక చూపు. స్కోరుబోర్డు ఉన్న అసలైన పోటీలో ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఇంత తక్కువ సమాచారంతో కట్టే ధర ఎంత గాల్లో ఉంటుందో చూడటానికి 2015 బ్యాచ్ ఒక్కటి చాలు. ఆ ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బహామాస్ కుర్రాడు లూషియస్ ఫాక్స్‌కు 60 లక్షల డాలర్లిచ్చింది. వ్లాదిమిర్ గెరేరో జూనియర్‌కు బ్లూ జేస్ 39 లక్షలు. హువాన్ సోటోకు వాషింగ్టన్ నేషనల్స్ 15 లక్షలు. ఫెర్నాండో తాతీస్ జూనియర్‌కు షికాగో వైట్ సాక్స్ 7 లక్షలు. ఫాక్స్ మేజర్ లీగ్‌లో 2022లో పది మ్యాచ్‌లు ఆడాడు. సోటో 19 ఏళ్లకే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, 2024 డిసెంబర్‌లో న్యూయార్క్ మెట్స్‌తో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. గెరేరో పేరుకు తండ్రి పేరు తోడు కాబట్టి ఆ ధర కొంత అర్థమవుతుంది. తాతీస్ కూడా మేజర్ లీగ్ ఆటగాడి కొడుకే, మరి ఏడు లక్షలేమిటి? తర్వాత పెద్ద స్టార్ అయిన అదే కుర్రాడిని వైట్ సాక్స్ 2016 జూన్‌లో, అతను ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, జేమ్స్ షీల్డ్స్ అనే సీనియర్ పిచ్చర్ కోసం శాన్ డియేగోకు ఇచ్చేసింది. ఆ ఆగస్టులోనే డాడ్జర్స్ కూడా, తర్వాత అలాగే స్టార్ అయిన యోర్డాన్ అల్వారెజ్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చి జాష్ ఫీల్డ్స్ అనే పిచ్చర్‌ను తెచ్చుకుంది. సంతకం చేయించుకున్న క్లబ్బులే తమ చేతిలో ఏముందో ఏడాది తిరక్కుండా మర్చిపోయాయి. ఇక్కడ స్కౌట్లను తప్పుపట్టడానికి లేదు. వాళ్లు తెచ్చిన ఆటగాడిని నిలబెట్టుకోలేకపోయింది పైవాళ్లు.

ఓక్లండ్ 2008లో 42.5 లక్షల డాలర్లిచ్చిన పిచ్చర్ మిచెల్ ఇనోవా 2016లో గానీ మేజర్ లీగ్‌కు రాలేదు, అదీ వేరే జట్టు తరఫున. 2016లో అట్లాంటా బ్రేవ్స్ సరిగ్గా అంతే మొత్తం పెట్టిన కెవిన్ మైతాన్ ఆ మెట్టు కూడా ఎక్కలేదు. అదే బ్రేవ్స్ 2014లో లక్ష డాలర్లకు తెచ్చుకున్న రొనాల్డ్ అకూన్యా జూనియర్ 2023లో 41 హోమ్ రన్లు, 73 స్టోలెన్ బేస్‌లతో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి, రెండోది అమెరికన్ లీగ్) ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు. తర్వాత స్టార్ అయిన ఎల్లీ డె లా క్రూజ్‌కు సిన్సినాటీ పెట్టింది 65 వేలు.

హోసె అల్టూవే కథ చాలామందికి తెలుసు గానీ, అందులో అసలు సంగతి మీద అంతగా మాట్లాడుకోరు. వెనిజులాలోని మరకాయ్‌లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ ట్రయల్స్ పెట్టింది. అయిదడుగుల ఆరంగుళాలు కూడా సరిగ్గా లేని కుర్రాడు. స్కౌట్లు ఎత్తు చూసి ఇంటికి పొమ్మన్నారు, చెప్పిన వయసు మీద కూడా అనుమానం. తండ్రి ధైర్యం చెప్పి పంపితే మర్నాడు బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి ఆడనిచ్చారు. ఇచ్చిన బోనస్ 15 వేల డాలర్లు. 2017లో అతను అమెరికన్ లీగ్ ఎంవీపీ. దీన్ని స్కౌటింగ్ ఘనత అంటారు. నిజానికి ఆ క్లబ్ కూడా అతన్ని మొదటి రోజు వదులుకుంది. రెండో రోజు చేసిన గొప్ప పని ఏమిటంటే, పోతే పోయేది 15 వేలేనని గుర్తించడం.

ఆ బర్త్ సర్టిఫికెట్ గోల ఊరికే రాలేదు. నేషనల్స్ 2006లో 14 లక్షల డాలర్లిచ్చిన ఎస్మాయిలిన్ గొన్సాలెజ్ పేరు అది కాదనీ, వయసు చెప్పినదానికంటే నాలుగేళ్లు ఎక్కువనీ 2009లో బయటపడింది. ఇరవై ఏళ్లవాడిని పదహారేళ్లవాడనుకుని చూస్తే ఏ స్కౌట్‌కైనా కళ్లు జిగేల్మంటాయి. వయసుకు ఇంత విలువ కట్టే బజారులో వయసు దొంగతనం జరక్కపోతేనే ఆశ్చర్యం.

డ్రాఫ్ట్‌లో సమాచారం ఎక్కువ కాబట్టి తప్పులు తక్కువుండాలి. కొంతవరకు అంతే. 2023లో పిట్స్‌బర్గ్ మొదటి పిక్‌గా (డ్రాఫ్ట్‌లో తొలి ఎంపికగా) తీసుకున్న పాల్ స్కీన్స్ మరుసటి ఏడాదే లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. కాలేజీలో అతని బంతులను దేశమంతా చూసింది. కానీ 2013 మొదటి పిక్ మార్క్ అపెల్ కూడా కాలేజీ పిచ్చరే. మేజర్ లీగ్ మెట్టెక్కేసరికి అతనికి ముప్పై ఏళ్లు. అతని తర్వాత రెండో పిక్ క్రిస్ బ్రయంట్ అప్పటికే ఎంవీపీ, వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ టైటిల్ పోరు) విజేత.

డ్రాఫ్ట్ తప్పుల జాబితాలో అందరూ ముందు చెప్పేది 2009. ఏంజెల్స్ క్లబ్‌కు వరసగా 24, 25 పిక్‌లు దక్కాయి. ముందు రాండల్ గ్రిచక్‌ను తీసుకుని, తర్వాత, ఈ తరం మేటి ఆటగాళ్లలో ఒకడైన మైక్ ట్రౌట్‌ను తీసుకున్నారు. దీని మీద ఎన్ని జోకులో! కానీ గ్రిచక్ మేజర్ లీగ్‌లో 200కు పైగా హోమ్ రన్లు కొట్టాడు. 24వ పిక్‌కు అంతకంటే ఏం కావాలి? ట్రౌట్‌ది న్యూజెర్సీ. చలి ప్రాంతం, ఆడే మ్యాచ్‌లు తక్కువ, ఎదురయ్యే పిచ్చర్ల స్థాయి మీద సందేహాలు. ఏంజెల్స్ స్కౌట్ గ్రెగ్ మోర్హార్ట్ ఒకప్పుడు ట్రౌట్ తండ్రితో కలిసి మైనర్ లీగ్‌లో ఆడినవాడు కాబట్టి ఆ కుర్రాడి మీద అతనికి మిగతావాళ్లకు లేని గురి కుదిరింది. ఏంజెల్స్ గెలిచింది లెక్కలతో కాదు, ఒక పాత పరిచయంతో.

నన్నడిగితే డ్రాఫ్ట్‌లో మెచ్చుకోవాల్సింది 2012లో ఆస్ట్రోస్ చేసిన పని. మొదటి పిక్‌కు లీగ్ నిర్ణయించిన విలువ 72 లక్షల డాలర్లు. బైరన్ బక్స్‌టన్ లాంటివాళ్ల పేర్లు వినిపిస్తుంటే, వాళ్లు ప్యూర్టోరికో కుర్రాడు కార్లోస్ కొరెయాను 48 లక్షలకు ఒప్పించారు. మిగిలిన సొమ్ములోంచి తీసి, 41వ పిక్ లాన్స్ మెకల్లర్స్‌కు 25 లక్షలిచ్చారు. అతను అంతకు తక్కువైతే కాలేజీకి పోయేవాడే. 2017 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌ను మొదలుపెట్టింది ఈ మెకల్లర్సే. ఆ టైటిల్ మీద ప్రత్యర్థుల సైగలు దొంగిలించిన మచ్చ ఉంది, అది వేరే చర్చ. ఒక్క పిక్‌ను విడిగా చూస్తే ‘బక్స్‌టన్‌ను వదిలేశారు’ అనిపించే నిర్ణయం, మొత్తం డబ్బుతో కలిపి చూస్తే ఇద్దరిని తెచ్చిపెట్టింది. అదే క్లబ్ 2014 మొదటి పిక్ బ్రేడీ ఐకెన్‌తో మోచేతి పరీక్ష విషయంలో బేరం చెడి నవ్వులపాలైంది. పరిహారంగా 2015లో దక్కిన రెండో పిక్‌తో అలెక్స్ బ్రెగ్‌మన్‌ను తెచ్చుకుంది. దాన్ని తెలివి అనాలో, అదృష్టం అనాలో మీ ఇష్టం.

క్లబ్‌కు ఈ ఆటలో ఓర్చుకునే శక్తి ఉంది. 30 క్లబ్బులకూ డొమినికన్ రిపబ్లిక్‌లో అకాడమీలున్నాయి. ఏటా పదుల మందిని తీసుకుంటే, ఒక్కడు అకూన్యా అయినా మిగతావాళ్ల ఖర్చంతా తీరిపోతుంది. కుర్రాడికి ఉన్నది ఒకే జీవితం. పన్నెండేళ్లకు బడి మానేసి బుస్కోన్ దగ్గర చేరినవాడు పందొమ్మిదేళ్లకు అకాడమీ నుంచి బయటికొస్తే చేతిలో చదువుండదు, ఆటా ఉండదు.

ఆ మొదటి ధర ప్రభావం అక్కడితో ఆగదని నా అనుమానం. అకూన్యా 2019లో 21 ఏళ్ల వయసులో ఎనిమిదేళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అతని సహచరుడు, 3.5 లక్షల బోనస్‌తో వచ్చిన ఆజీ ఆల్బీస్, అదే ఏప్రిల్‌లో ఏడేళ్లకు మూడున్నర కోట్లకు ఒప్పుకున్నాడు. ఇద్దరూ చవగ్గా అమ్ముడుపోయారని అప్పుడే అన్నారు. సోటో మాత్రం 2022లో 44 కోట్లు వద్దన్నాడు. అతని ఏజెంట్ గట్టివాడే, కాదనను. కానీ పదహారేళ్లకే 15 లక్షలు చేతికొచ్చినవాడికి ‘ఆగుదాం’ అనే వీలుంటుంది. లక్షతో మొదలైనవాడికి ఇంట్లోవాళ్ల భవిష్యత్తు ముందు కనిపిస్తుంది.

అంతర్జాతీయ డ్రాఫ్ట్ పెడితే ఇవన్నీ సర్దుకుంటాయని లీగ్ అంటోంది. 2022లో ఆ ప్రతిపాదన అంచుదాకా వచ్చి ఆగింది: కుర్రాళ్లకిచ్చే మొత్తం సొమ్ము లీగ్ 19.1 కోట్ల డాలర్లన్నది, ఆటగాళ్ల సంఘం 26 కోట్లన్నది. తాతీస్ జూనియర్, మాజీ స్టార్ డేవిడ్ ఓర్టిజ్ లాంటివాళ్లు బాహాటంగా వ్యతిరేకించారు. 2026 డిసెంబర్ 1తో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం గడువు తీరుతుంది కాబట్టి ఈ పంచాయితీ మళ్లీ తప్పదు. డ్రాఫ్ట్‌లో ఒక మేలు ఉందని ఒప్పుకోవాలి: కుర్రాడు తమకే దక్కుతాడన్న హామీ లేనప్పుడు ఏ క్లబ్బూ పదమూడేళ్లవాడితో నోటిమాట ఖాయం చేసుకోదు. కానీ నచ్చిన క్లబ్‌ను ఎంచుకునే హక్కూ, పోటీ వల్ల పెరిగే ధరా కూడా దాంతోపాటే పోతాయి.

పైగా ముందస్తు బేరాలను ఆపడానికి కొత్త డ్రాఫ్టే అక్కర్లేదు, నిబంధన ఇప్పటికే ఉంది. అంతర్జాతీయ సంతకాల్లో అక్రమాలకు బ్రేవ్స్‌ను 2017లో శిక్షించినప్పుడు 13 మంది కుర్రాళ్లను విడిపించారు. తీసుకున్న డబ్బు వాళ్ల దగ్గరే ఉండనిచ్చారు. మైతాన్ ఏంజెల్స్ దగ్గర ఇంకో 22 లక్షలు తీసుకున్నాడు. జనరల్ మేనేజర్ జాన్ కోపొలెల్లాను ఆట నుంచే బహిష్కరించారు (2023లో ఎత్తేశారు, అది వేరే సంగతి). కుర్రాడికి నష్టం లేకుండా క్లబ్‌ను దండించడం సాధ్యమేనని ఆ ఒక్క కేసు చూపింది. డ్రాఫ్ట్ సంగతి తర్వాత. ముందు పదమూడేళ్లవాడితో మాట ఖాయం చేసుకున్న క్లబ్‌కు ఇలాంటి శిక్షే వేసి, మరుసటి ఏడాది బోనస్ పూల్‌లో సగం కోసెయ్యమనండి. బేరం వయసు దానంతట అదే పెరుగుతుంది.