ఉత్తర్వు లేని నిషేధం

ఓ సినిమాను తీసేయమని అడిగినవాళ్లెవరో తెలుసు. తీసేసిందెవరో తెలుసు. తీసేయమని ఆదేశించిందెవరు అంటే మాత్రం జవాబు లేదు, ఎవరూ ఆదేశించలేదు కాబట్టి. నయనతార నటించిన తమిళ సినిమా ‘అన్నపూరణి’ 2024 జనవరి 11, గురువారం నెట్‌ఫ్లిక్స్‌లో కనిపించకుండా పోయింది. కోర్టు చెప్పలేదు. కేంద్ర సమాచార, ప్రసార శాఖ చెప్పలేదు. సెన్సార్ బోర్డు తానిచ్చిన సర్టిఫికెట్‌ను వెనక్కి తీసుకోలేదు. జరిగిందల్లా పోలీసులకు ఫిర్యాదులు, సోషల్ మీడియాలో గోల, విశ్వ హిందూ పరిషత్‌కు సినిమా నిర్మాతల్లో ఒకటైన జీ స్టూడియోస్ రాసిన ఓ క్షమాపణ లేఖ. మార్పులు చేసేదాకా సినిమాను తీసేయిస్తామని ఆ లేఖలో ఒప్పుకున్నారు, తీసేశారు.

ఇంతకీ ఏం కథ అది? శ్రీరంగంలో రంగనాథుడి కోవెలలో ప్రసాదం వండే తండ్రి. ఆయన చేతి వాసన చూస్తూ పెరిగిన కూతురు. వంటే ఆమెకు లోకం, పెద్ద చెఫ్ కావాలన్నది కోరిక. చెఫ్ కావాలంటే మాంసం ముట్టుకోవాలి, ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసుకుని చూడాలి. ఇంట్లో ఎంబీఏ అని చెప్పి హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరుతుంది. మాంసం దగ్గరికి వచ్చేసరికి మనసొప్పదు. ఫర్హాన్ అనే స్నేహితుడు నచ్చజెబుతాడు, వాల్మీకి రామాయణంలో రాముడూ తిన్నాడు కదా అని. చివర్లో ఆ అమ్మాయి బిర్యానీ వండే ముందు నమాజు చేస్తుంది. గొడవంతా ప్రధానంగా ఈ రెండు చోట్ల. నిజం చెప్పాలంటే సినిమా గొప్పదేమీ కాదు, రెండో సగం టీవీలో వంటల పోటీ చూస్తున్నట్టే ఉంటుంది. అది వేరే సంగతి.

ఆ ఇల్లు మాత్రం మనకు తెలిసిన ఇల్లే. సెంటర్లో ఎగ్ పఫ్ తిని, వక్కపొడి నమిలి, నోరు కడుక్కుని గడప దాటే పిల్లలు ఏ అగ్రహారంలో లేరు? రంజాన్ నెలలో ఇరానీ హోటల్ పరదా వెనక టీ తాగే కుర్రాళ్లను హైదరాబాద్ ఎన్నడూ చూడలేదా? ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి మార్నింగ్ షోకు పోయిన పాస్టరు గారబ్బాయి ఏ ఊళ్లోనైనా దొరుకుతాడు. ఆచారం గట్టిగా ఉన్న ప్రతి ఇంట్లోనూ దాన్ని తప్పించుకునే దొడ్డిదారి ఒకటి ఉంటుంది. కథలు రాసేవాళ్లు ఎప్పుడూ ఆ దొడ్డిదారి దగ్గరే కూర్చుంటారు. చలం ‘మైదానం’ నవలలో రాజేశ్వరి దాదాపు వందేళ్ల కింద ఆ దారినే అమీర్‌తో వెళ్లిపోయింది. మన ముత్తాతల తరం ఆ రచయితను తిట్టిపోసింది, ఆ పుస్తకాన్ని పరుపు కింద దాచుకుని మరీ చదివింది. తిట్టడం కూడా పాఠకుడి హక్కే. ఇంకొకరి చేతిలోని పుస్తకం లాక్కోవడం హక్కు కాదు.

‘అన్నపూరణి’ 2023 డిసెంబరు 1న థియేటర్లకు వచ్చింది. టికెట్ కొని చూసినవాళ్లు బాగుందనో బాగాలేదనో అనుకుని ఇంటికెళ్లారు. డిసెంబరు 29న ఓటీటీలోకి రాగానే ముక్కలు ముక్కలుగా క్లిప్పులు ఫోన్లలో తిరిగాయి. చూసినవాళ్లు నెల రోజులు ఊరుకున్నారు. చూడనివాళ్లు రెండు వారాల్లో తీయించారు.

అయోధ్యలో 2024 జనవరి 22న రామమందిర ప్రాణప్రతిష్ఠ జరగబోతున్న వేళ రాముడి భోజనం మాట చాలామందికి కష్టం కలిగించిందన్నది నిజమే. నొచ్చుకోవడానికీ ఫిర్యాదు చేయడానికీ వాళ్లకు హక్కుంది, ఎవరూ కాదనరు. కానీ వనవాసానికి వెళుతూ సీత గంగమ్మకు మొక్కుకున్న అయోధ్యకాండ శ్లోకంలో ‘మాంసం’ అంటే ఏమిటన్న వాదన సినిమావాళ్లు పుట్టించింది కాదు. వ్యాఖ్యాతలు ఎప్పటినుంచో తేల్చుకోలేకపోతున్నారు. పైగా కనుమ నాడు కోడి కూర ఉడకని ఊరు చూపించమనండి.

మా ఆందోళన రాముడు ఏం తిన్నాడన్నది కాదు. ఉత్తర్వు ఎక్కడ అన్నది.

2006 జూన్‌లో క్రైస్తవ సంఘాలు అభ్యంతరం చెప్పాయని ‘డా విన్సీ కోడ్’ సినిమాను అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. తప్పుడు పని. కానీ అది చేతికి చిక్కే తప్పు. ఒక ఉత్తర్వు ఉంది, కింద ఒక సంతకం ఉంది. పంపిణీదారు దాన్ని పట్టుకుని హైకోర్టుకు వెళ్లాడు. జస్టిస్ గోడా రఘురాం ఆ నిషేధాన్ని కొట్టేశారు. 2013లో ముస్లిం సంఘాల నిరసనతో తమిళనాడులో కలెక్టర్లు 144వ సెక్షన్ కింద ‘విశ్వరూపం’ ఆపారు. అదీ ఉత్తర్వే. కమల్‌హాసన్ దాని మీద మద్రాసు హైకోర్టుకు వెళ్లగలిగారు. చివరికి కొన్ని మాటలు మ్యూట్ చేసి రాజీపడ్డారు, కానీ వాదించుకోవడానికి ఒక గుమ్మమైతే దొరికింది. అప్పుడు భావప్రకటన స్వేచ్ఛ అని గొంతు చించుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు మనోభావాలంటున్నారు, అప్పుడు మనోభావాలన్నవాళ్లు ఇప్పుడు స్వేచ్ఛ అంటున్నారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు.

ఇప్పుడు ఎవరు ఏ కోర్టుకు వెళ్లాలి? దేని మీద వెళ్లాలి? రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన హక్కును ప్రధానంగా ప్రభుత్వం మీదే అడగగలం. తన యాప్‌లో ఏది ఉంచాలో ఏది తీయాలో మా ఇష్టం, నిర్మాతలతో మా ఒప్పందం అని కంపెనీ అంటే అక్కడితో మాట ఆగిపోతుంది. కొట్టేయడానికి ఉత్తర్వు లేదు, నిలదీయడానికి అధికారి లేడు. ప్రభుత్వాలకు ఇంతకంటే సుఖం ఏముంది? నిషేధించిన అపకీర్తి లేకుండానే నిషేధం అమలైపోయింది.

తమిళనాడులోని నామక్కల్ గుర్తుందా? 2015 జనవరిలో ‘మాదొరుభాగన్’ నవల మీద గొడవ రేగితే, అధికారులు ‘శాంతి సమావేశం’ పెట్టి రచయిత పెరుమాళ్ మురుగన్ చేత బేషరతు క్షమాపణ మీద సంతకం పెట్టించారు. అప్పుడూ నిషేధం ఉత్తర్వు లేదు. తనలోని రచయిత చచ్చిపోయాడని ఆయన రాసుకున్నారు. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆ రాజీ ఎవరినీ కట్టిపడేయదని తేల్చింది, నచ్చకపోతే చదవడం మానేయొచ్చు కదా అంది. ఆ తీర్పు చెప్పిన ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు నుంచి రిటైరయ్యారు. ఆ రోజు కోర్టు దాకా వెళ్లడానికి కనీసం ఒక ప్రభుత్వ ఆఫీసు, ఒక సంతకం కాగితం ఉన్నాయి. ఈసారి అవీ లేవు.

దారి లేక ఇలా జరిగిందనుకుందామా అంటే, ఉంది. 2021లో కేంద్రమే ఓటీటీలకు నిబంధనలు తెచ్చింది. ఫిర్యాదు వస్తే ముందు ఆ సంస్థే 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే ఆ రంగం వాళ్లే పెట్టుకున్న సంఘం, ఆ పైన కేంద్ర ప్రభుత్వం. మూడు మెట్లు. ఈ మెట్లు రావడాన్నే చాలామంది సెన్సార్‌షిప్ అన్నారు, మాకూ అనుమానాలున్నాయి. అయినా మెట్టు మెట్టుకూ రెండో పక్షం మాట వింటారు, కారణం చెబుతారు. ఒక్క ఫిర్యాదు తేల్చడానికి 15 రోజుల గడువిచ్చారు, ఈ సినిమా ఓటీటీలో నిండా అన్ని రోజులైనా ఉండలేదు. ఇక పోలీసు కేసుల సంగతంటారా, కేసు పెట్టడం తీర్పు కాదు. గొడవ చేస్తామని బెదిరించినవాళ్లను చూపించి భావప్రకటన స్వేచ్ఛను కాపాడలేమని ప్రభుత్వం చేతులెత్తేయకూడదని 1989లోనే, అదీ ఒక తమిళ సినిమా కేసులోనే, సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ ప్రభుత్వం చేతులెత్తాల్సిన పనే పడలేదు, కంపెనీయే రెండు చేతులూ ఎత్తేసింది.

2021 జనవరిలో ఇలాంటి గొడవతోనే ‘తాండవ్’ వెబ్ సీరీస్‌లో సీన్లు కోసేశారు. మూడేళ్లు తిరిగేసరికి మొత్తం సినిమానే ఎత్తేశారు. వచ్చేసారి కోయడానికీ ఎత్తేయడానికీ ఏమీ ఉండదు, ఎందుకంటే అసలు తీయరు. కథాచర్చల్లో ఇక ఎలాంటి మాటలు నడుస్తాయో ఊహించడం కష్టం కాదు. శ్రీరంగం ఎందుకండీ, ఏదో ఊరు పెట్టేద్దాం. నాన్న కోవెలలో కాకుండా బ్యాంకులో పనిచేస్తే? అమ్మాయి మాంసం వండకుండా కేకులు చేస్తే? ఫర్హాన్ పేరు మార్చేస్తే? అన్నీ మార్చాక మిగిలే కథ ఎవరినీ నొప్పించదు, ఎవరూ చూడరు కూడా.

నెట్‌ఫ్లిక్స్‌ను ఒకటే అడుగుతున్నాం. నెలనెలా డబ్బు కట్టే మనిషికి నిన్నటిదాకా ఉన్న సినిమా ఇవాళ ఎందుకు లేదో చెప్పాల్సిన బాధ్యత మీకు లేదా? ఎవరు అడిగారు, ఏ నిబంధన కింద తీశారు, ఎవరి వాదన విన్నారు, రాతపూర్వకంగా బయటపెట్టండి. సర్టిఫికెట్ ఇచ్చిన సెన్సార్ బోర్డు కూడా నోరు విప్పాలి. ఆ కాగితానికి థియేటర్ గేటు దాటితే విలువ లేదా?

ఇక మన తెలుగు సినిమా పెద్దలు. 2024 సంక్రాంతికి ఎవరికెన్ని థియేటర్లు దక్కాయన్న దాని మీద ఎన్ని ప్రెస్‌మీట్లు, ఎన్ని అలకలు, ఎన్ని రాయబారాలు! ‘అన్నపూరణి’ గురించి మాత్రం మీలో ఒక్కరి మాటా మా చెవిన పడలేదు. తమిళ సినిమా కదా, మనకెందుకు అనుకున్నట్టున్నారు. మీరు తీసే సినిమాలూ అదే యాప్‌కు అమ్ముకుంటున్నారు, అదే ఒప్పందాల మీద సంతకాలు పెడుతున్నారు. రేపు మీ సినిమా రాత్రికి రాత్రి మాయమై, స్వేచ్ఛకు సంకెళ్లంటూ మా ఆఫీసుకు ప్రెస్‌నోట్ పట్టుకొస్తే, వేసుకుంటాం. వేసుకునే ముందు ‘అన్నపూరణి’ మాయమైన వారం మీరు ఎక్కడున్నారో అడుగుతాం.