అంబాసిడర్‌లో చోటు సరే, బెల్టుల సంగతి?
పిల్లలు పెరుగుతున్న ఇంటికి పాత అంబాసిడర్‌ను మించిన క్లాసిక్ కారు లేదని వ్యాసంలో రాశారు. చోటు విషయంలో ఎదురు చెప్పేదేం లేదు. మా నాన్నగారి బండిలో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే, ముందు ఒకటే పొడవాటి సీటు; అమ్మ ఒళ్లో తమ్ముడు, మధ్యలో నేను. ఇప్పుడు పిల్లల్ని అలా కూర్చోబెడతామా? పాత బండ్లలో వెనక సీటు బెల్టులే ఉండవు, చైల్డ్ సీటు దేనికి కడతాం? కొనాలనే ఉంటే 1990ల్లో వచ్చిన, జపాన్ కంపెనీ ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్ చూసుకోండి, లాగుడు బాగుంటుంది. పెయింటు నిగనిగలు చూసి పడిపోకుండా మ్యాట్లెత్తి ఫ్లోరు తుప్పు చూడండి. బెల్టులు పెట్టించినా తుప్పు రేకుకి బోల్టు నిలవదు. అన్నట్టు, 15 ఏళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఖర్చు కూడా లెక్కేసుకోవాలి, వ్యాసంలో దాని ఊసే ఎత్తలేదు.