ఎవరితోనైనా మాట్లాడే మీటరు మనకొద్దు

విశాఖలో కొందరు చదువుకున్నవాళ్ల నోట ఈమధ్య ఒక ప్రమాదకరమైన వాదన వినబడుతోంది. కరెంటు మీటరు ఒక కంపెనీది, దాని రీడింగు మోసుకెళ్లే రేడియో ఇంకో కంపెనీది, బిల్లు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మూడో కంపెనీది అయినా పని జరిగిపోవాలట. అందుకు ఎవరైనా చదువుకోగలిగిన ఓపెన్ స్టాండర్డ్స్ పాటించాలట. మన దగ్గర ఇంతకాలం జరిగినదానికి ఇది పూర్తి విరుద్ధం. కాబట్టి దీన్ని మొగ్గలోనే తుంచడం పౌరధర్మంగా భావిస్తున్నాను.

ముందు సంగతేమిటో చూద్దాం. 2021లో కేంద్రం తెచ్చిన పథకం లక్ష్యం దేశమంతటా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు. విశాఖ లాంటి ఊళ్లో అవి లక్షల్లో ఉంటాయి. వాటి కాపురాలు చూస్తే జాలేస్తుంది. సీతమ్మధారలో అపార్ట్‌మెంటు సెల్లారు, పాత స్కూటర్ల వెనక ఇనుప పెట్టె. వన్‌టౌన్‌లో మెట్ల కింద చీకటి. ఆరిలోవలో కొండవాలు ఇళ్ల గోడలు. సిగ్నలే అందని చోట సిమ్ పెట్టి లాభమేముంది? అందుకని మెష్ అనే పద్ధతి కనిపెట్టారు. మీటరు తన రీడింగును పక్కింటి మీటరుకు చెబుతుంది, అది ఎదురింటి మీటరుకు చెబుతుంది, అలా చేతులు మారుతూ చివరికి ఆఫీసుకు కబురు పంపే, స్తంభం మీది గేట్‌వే పెట్టెకు చేరుతుంది. 865 మెగాహెర్ట్జ్ దగ్గర ఇందుకు వాడే తరంగాలకు మన దేశంలో లైసెన్సు కూడా అక్కర్లేదు. వై-సన్ అనే కూటమి 2012లో పుట్టి ఈ రేడియోల ప్రమాణాలు చూసుకుంటోంది. మీటరు మాట్లాడే భాష డీఎల్ఎంఎస్. దాన్ని మన దేశానికి తగ్గట్టు దిద్ది, భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2011లోనే ఐఎస్ 15959 పేరుతో అచ్చేసింది. అంటే కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. నా భయమంతా అదే.

ఈ మెష్ పరికరాల నడవడిక చూడండి. వీటికి ట్రికిల్ అని ఒక నియమం ఉంది. పక్కవాళ్లు ఇప్పటికే చెప్పేసిన మాటే తనూ చెప్పాల్సి వస్తే పరికరం నోరు మూసుకుంటుంది. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ మాటకూ మాటకూ మధ్య విరామం రెట్టింపు చేసుకుంటూ పోతుంది. ఎక్కడైనా తేడా కనిపిస్తేనే మళ్లీ గబగబా మాట్లాడుతుంది. సెకనుకు 50 కిలోబిట్లతో మొదలయ్యే ఇరుకు దారిలో అన్ని మీటర్లు సర్దుకునేది ఇలాగే. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వాటర్ ట్యాంకరు వచ్చిందని ఒకరు పెట్టాక మిగతావాళ్లు అదే ముక్క మళ్లీ పెట్టకుండా ఊరుకున్న రోజు ఒక్కటి చూపించండి. ఇంత మర్యాద నేర్చిన పరికరాలు ఈ ఊళ్లో ఇమడవు.

నైతికంగా కూడా వీటి మీద నాకు అనుమానాలున్నాయి. తన కబురును పైకి చేరవేసే మీటరును ప్రతి మీటరూ పేరెంట్ అంటుంది. ఆ పేరెంట్ పడిపోతే ఏడుపూ లేదు, దినమూ లేదు. పక్కన ఇంకెవరి సిగ్నల్ బాగుంటే వాళ్లే కొత్త పేరెంట్.

మూసిన వ్యవస్థలో ఈ విచ్చలవిడితనం లేదు. అంతా ఒకే కంపెనీ. మీటరు వాళ్లదే, రేడియో వాళ్లదే, సాఫ్ట్‌వేర్ వాళ్లదే. మొదటి రేటు చవక. తర్వాత మీటరు చెడితే వాళ్ల దగ్గరే కొనాలి. వాళ్లు ఆ మోడల్ ఆపేస్తే బాగున్నవి కూడా పీకి కొత్తవి పెట్టాలి, దానివల్ల పీకేవాళ్లకూ పెట్టేవాళ్లకూ ఉపాధి. టెండరుకు ఒక్కరే వస్తారు కాబట్టి కవర్లు పోల్చే టెన్షన్ లేదు. ఏటేటా మరమ్మతుల ఒప్పందం, అదే ఏఎంసీ, దాని చర్చలైతే పది నిమిషాల పని. వాళ్లు రేటు చెబుతారు, మనం టీ ఇప్పిస్తాం.

ఇక్కడికొచ్చేసరికి ప్రత్యర్థులు హుద్‌హుద్ తుఫానును లాక్కొస్తారు. నిజమే, 2014 అక్టోబరు 12న స్తంభాలు వరసగా కూలాయి. ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది, ఫోన్లూ మూగబోయాయి. పొరుగు జిల్లాల నుంచీ పొరుగు రాష్ట్రాల నుంచీ కరెంటు సిబ్బంది వచ్చారు. ఊరికొత్త మనుషులు, నేరుగా మన స్తంభం ఎక్కి, తమ పానాలతోనే మన లైను బిగించేశారు! ఎవరి అనుమతీ అడగలేదు, ఏ లాగిన్ కొట్టలేదు. ఇదెలా సాధ్యమని ఒక రిటైర్డ్ లైన్‌మ్యాన్‌ను నిలదీశాను. "ఏ ఊరోళ్లయితే ఏటి బాబూ, 11 కేవీ ఎక్కడైనా 11 కేవీయే కదా" అన్నాడు. అంత పెద్ద తప్పును అంత తేలిగ్గా ఒప్పుకున్నాడు.

అదే ట్రాన్స్‌ఫార్మర్లు కూడా మూసిన పద్ధతిలో ఉండి ఉంటే ఎంత క్రమశిక్షణగా ఉండేది! సాయానికొచ్చినవాళ్లు స్తంభం కింద నిలబడి కంపెనీ ఇంజనీరు కోసం ఎదురుచూసేవాళ్లు. ఆయన విమానంలో రావాలి. మన ఎయిర్‌పోర్టు పైకప్పు దెబ్బతింది కాబట్టి అది మళ్లీ తెరిచేదాకా ఆగాలి. వచ్చాక పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ హెడ్డాఫీసులో ఉంటుంది. హెడ్డాఫీసుకు ఫోన్ చేద్దామంటే టవర్లు లేవు. ఈలోగా జనానికి ఓర్పు అలవడేది, కొవ్వొత్తుల వ్యాపారం నిలదొక్కుకునేది. ఆ అవకాశం చేజారింది. కనీసం మీటర్ల విషయంలోనైనా జాగ్రత్తపడదాం.

అలాగని నేను మూర్ఖుణ్ని కాను. ప్రమాణాలు కావాలని పైనుంచి ఆదేశాలు వస్తే కాదనలేం. టెండరు మొదటి పేజీలో ఓపెన్ స్టాండర్డ్స్ అని పెద్దక్షరాల్లో రాయండి, సర్టిఫికెట్లు జతచేయమనండి. ఆ పైన వెనక పేజీల్లో ఎక్కడో "అదనపు సౌకర్యాలు తయారీదారు పద్ధతిలో" అని ఒక్క ముక్క ఇరికించండి. రీడింగు ఎవరైనా చదువుకోవచ్చు, మనకేం అభ్యంతరం లేదు. రీఛార్జి, కనెక్షన్ తీయడం, మళ్లీ ఇవ్వడం, మీటరు లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ మార్చడం మాత్రం ఆ అదనపు సౌకర్యాల కిందికి రావాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఎన్‌క్రిప్షన్ కీలు, అంటే మీటరు మాటలకు వేసిన తాళాల రహస్య సంకేతాలు. ప్రమాణం ఎంత బాహాటంగా ఉన్నా, తన కీ తెలియనివాడి ఆజ్ఞను మీటరు లెక్కచేయదు. పైగా ఈ కొత్త ఒప్పందాల్లో మీటర్లు పెట్టిన కంపెనీయే వాటిని ఏళ్ల తరబడి నడిపి, గడువు తీరాక కరెంటు పంపిణీ సంస్థ డిస్కంకు అప్పగించాలి. అప్పగింత ఘనంగా చేద్దాం. షామియానా, శాలువాలు, గ్రూప్ ఫొటో అన్నీ ఉండాల్సిందే. మధ్యలో ఎవరైనా కుర్ర అసిస్టెంట్ ఇంజనీరు లేచి కీలు ఎక్కడని అడిగితే కంపెనీ ప్రతినిధి ఏం చెప్పాలో ఒప్పందంలో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి: "అవి ఈ కాంట్రాక్టులోకి రావండీ, దానికి వేరే టెండరు పిలవండి."