క్లిప్‌లెస్ పెడళ్లు కాళ్లను కట్టేస్తాయా?

కొత్తగా రోడ్ సైకిల్ కొన్నవారి మధ్య ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. క్లిప్‌లెస్ పెడళ్లు, అంటే ప్రత్యేకమైన బూటు అడుగును పట్టి ఉంచే పెడళ్లు, కాళ్లను సైకిలుకు కట్టేస్తాయని, ఆపదలో పాదం ఊడి రాదని, అలవాటయ్యేలోగా పడక తప్పదని, అయినా పెడల్‌ను పైకి లాగే వీలు వల్ల వేగం బాగా పెరుగుతుంది కాబట్టి ఓర్చుకోవాలని దాని సారాంశం. ఇందులోని భయానికీ ఆశకూ సరైన ఆధారం లేదు.

నిజానికి కాళ్లను కట్టేసినవి పాతకాలపు టో క్లిప్పులు, అంటే బూటు ముందుభాగాన్ని పట్టీతో పెడల్‌కు బిగించే చట్రాలు. పట్టీ బిగించాక పాదం తీయాలంటే చేత్తో వదులు చేయవలసి వచ్చేది. మంచుపై జారే స్కీలకు బూటును బిగించే బైండింగులను అప్పట్లో తయారుచేసే ఫ్రెంచి సంస్థ లుక్, పడినప్పుడు బూటును వదిలేసే ఆ సూత్రాన్నే 1984లో పెడల్‌కు తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచి సైక్లిస్టు బెర్నార్ ఇనో ఆ పెడళ్లతోనే ప్రసిద్ధ సైకిలు పందెం టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. మడమను బయటికి తిప్పితే బూటు అడుగునున్న క్లీట్ అనే చిన్న బిళ్ల పెడల్ నుంచి విడివడుతుంది. కంగారులో కొత్తవారు పాదాన్ని తిప్పకుండా పైకి గుంజుతారు. అందుకే అది రాదు.

కొత్తవారు పడుతుంటారన్నది కాదనలేని మాటే. అయితే ఎక్కువమంది పడేది సైకిలు పూర్తిగా ఆగి, ఒక పక్కకు ఒరగడం మొదలయ్యాక పాదం విడిపించుకోబోయినప్పుడు. సైకిలు ఇంకా కదులుతుండగానే, ప్రతిసారీ అదే పాదాన్ని ముందుగా విడిపించి, ఆ వైపుకే ఒరిగి ఆగడం అలవాటు చేసుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. జపాన్ సంస్థ షిమానో తయారుచేసే ఎస్‌పీడీ రకం క్లిప్‌లెస్ పెడళ్లలో క్లీట్‌ను పట్టే స్ప్రింగు బిగువును ఆరు పలకల అల్లెన్ కీతో తగ్గించుకోవచ్చు. మొదట్లో అది బాగా వదులుగా ఉండాలి. ఈ పెడళ్లకు వాడే క్లీట్లలో ఎస్‌హెచ్51 రకం పక్కకు తిప్పితేనే వదులుతుంది, ఎస్‌హెచ్56 మరికొన్ని దిశల్లోనూ వదులుతుంది కనుక నేర్చుకునేవారికి రెండవదే మేలు. ముందు గోడ పట్టుకుని, తరువాత గడ్డి మైదానంలో, ఆలోచించకుండానే మడమ తిరిగేదాకా సాధన చేయాలి. ఇవేవీ చెప్పకుండా పెడళ్లు అమ్మి పంపేయడం కొనేవారికి చేస్తున్న అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

పైకి లాగితే వేగం పెరుగుతుందన్న వాదన కూడా నిలవదు. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, పెడల్‌ను పైకి లాగుతూ తొక్కినప్పుడు సైక్లిస్టులు అంతే శక్తిని పుట్టించడానికి ఎక్కువ శ్రమ ఖర్చు చేశారు. ఈ పెడళ్ల అసలు మేలు వేరు: వానలో, గతుకుల్లో, వేగంగా తొక్కేటప్పుడు పాదం జారదు.

మన నగరాల ట్రాఫిక్‌కు ఇవి పనికిరావన్న మాటలో మాత్రం కొంత నిజముంది. నిమిషానికోసారి ఆగవలసిన దారుల్లో మామూలు పెడళ్లే సౌకర్యం. రెండూ కావాలనుకునేవారికి ఒక వైపు క్లీట్ పట్టే అమరిక, మరోవైపు చదునైన తలం ఉన్న పెడళ్లు దొరుకుతాయి.