412 మందికి ఒకటే నెంబరు

మా అమ్మాయి పెళ్ళి పిలుపుల కోసం మా మేనల్లుడు ఓ చిన్న యాప్ తయారుచేశాడు. "ఆ చిరిగిపోయిన ఫోన్ల డైరీ ఇంకా ఎందుకు మామయ్యా? నెంబర్లన్నీ ఇందులో కొట్టేస్తే, ఒక్క నొక్కుతో అందరికీ శుభలేఖ వెళ్ళిపోతుంది" అన్నాడు. మూడు రాత్రులు కళ్ళజోడు తుడుచుకుంటూ 412 పేర్లు ఎక్కించాను. డైరీ పాత పేపర్లవాడి తక్కెడ ఎక్కింది.

నాలుగో రోజు తెరిచి చూద్దును గదా, మా బావగారి నెంబరు 2147483647. పురోహితుడిగారిది 2147483647. వంటవాళ్ళదీ, సన్నాయిమేళందీ, పదేళ్ళుగా మాతో మాటల్లేని పిన్నిదీ అదే.

డాలస్ నుంచి వీడియో కాల్‌లో చూస్తున్న మా మరదలు, "214 మా ఊరి కోడే కదా బావగారూ! మనవాళ్ళంతా ఇక్కడికెప్పుడు వచ్చేశారు?" అంది.

మేనల్లుడు నాలిక్కరుచుకున్నాడు. నెంబరు దాచడానికి వాడు పెట్టిన గడి 32 బిట్లదట, అంటే 0 గానీ 1 గానీ పట్టే అరలు 32. అందులో ఒకటి ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతే మిగిలేవి 31. వాటిలో పట్టే అతిపెద్ద సంఖ్య ఇదే. మన సెల్ నెంబర్లు పదంకెలవి, పైగా 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి కాబట్టి అన్నీ దీన్ని దాటినవే. సోలెడు గిన్నెలో కుంచెడు పోస్తే సోలెడే నిలిచినట్టు, అది పట్టినంత ఉంచుకుని కిక్కురుమనకుండా ఊరుకుంది. సరిగ్గా మిగిలింది ఎనిమిదంకెల ల్యాండ్‌లైన్ ఒక్కటే, హైదరాబాదులో మా పెదనాన్నగారిది. దాన్ని ఆయన రెండేళ్ళ కిందటే తీయించేశారు.

ఇంట్లో అందరికీ టెన్షన్. నాకు మాత్రం, లెక్కల మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది, ఆ సంఖ్య మీదే కన్ను పడింది. 31 రెండ్లని ఒకదానితో ఒకటి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది!

"ఇది ప్రధాన సంఖ్య, తెలుసా? 1772లో ఆయిలర్ అనే గణితవేత్త తేల్చాడు. అప్పటికి ఆయనకి చూపు దాదాపు లేదు. మామూలుగా అయితే దీని వర్గమూలం దాకా, అంటే 46,340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఆయనేమో, 248తో భాగిస్తే 1 గానీ 63 గానీ మిగిలేవాటిని చూస్తే చాలన్నాడు. 372 భాగహారాల్లో పని తేలిపోయింది! ఆ తర్వాత చాలా ఏళ్ళ దాకా ఇంతకన్నా పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలీదు..."

మేనల్లుడు చెవులప్పగించి వింటున్నాడు. తిట్లు తప్పుతున్నాయి కదా మరి.

వెనక్కి తిరిగితే మా ఆవిడ కుంకుమభరిణె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ 372 ఆయన చేశాడు, సంతోషం. ఈ 412 గడపలూ మనం ఎక్కాలి. స్కూటర్ తీయండి."

"ముందు ఎవరింటికి?"

"పేపర్లవాడింటికి."